పత్తిని చూసే కంటితో గింజను చూడొద్దు



ఈసారి రాసేది వాన గురించి కాదు, పత్తి రేటు గురించి కాదు. గింజ మీదుండే తోలు గురించి. తోలు గురించి ఇంత పొడుగు రాయాల్నా అంటారేమో. రాయాల్సిందే. ఎందుకంటే ఆ తోలు తీసేదానికి ఒకడు డబ్బు తీసుకుంటున్నాడు. ఆ తోలులో ఉండే గుణం పేరు ప్యాకెట్ మీద అచ్చేసి ఇంకొకడు డబ్బు తీసుకుంటున్నాడు. పండించినోడికి మాత్రం "నీ సరుకు రంగు తక్కువుందప్పా" అనే మాట మిగుల్తోంది.

పట్నం అంగట్లో చిరుధాన్యాల ప్యాకెట్ ఏదైనా చేతిలోకి తీసుకుని చూడండి. "యాంటీ ఆక్సిడెంట్లు పుష్కలం" అని పెద్ద అక్షరాలు ఉంటాయి. చాలా వాటిల్లో లోపల గింజ ముత్యం మాదిరి తెల్లగా, నున్నగా ఉంటుంది. ఈ రెండూ ఒకదానికొకటి పొసగవు. గింజ అంత నున్నగా ఉందంటే, ఆ అక్షరాలకు ఆధారమైన పొర చాలా భాగం మిల్లులోనే రాలిపోయింది.

నేను చెప్పాలనుకున్నది ఒకటే. గింజలో ఆ గుణం ఎక్కువగా ఉండేది పైపొరలో. తెలుపుకు ఎక్కువ ధర కట్టే బజారు, ఆ పొరను తీసి పారేసేదానికి ధర కడుతోంది. దానికి మనం తల ఊపడం ఆపాలి. అట్లని ఆ పొరే అమృతం, షుగరూ క్యాన్సరూ అన్నీ పోతాయి అని ఫోన్లలో చెప్పేవాళ్ల మాటా నమ్మొద్దు. రెండు వైపులా మోసం ఉంది. రెండూ మాట్లాడుకుందాం.

ఫినాల్ అంటే ఫినాయిల్ కాదు

గింజ పైపొరలో ఉండే ఈ యాంటీ ఆక్సిడెంట్లలో ముఖ్యమైనవాటిని ఫినాలిక్ పదార్థాలు అంటారు. ఈ మాట వినంగానే బాత్రూంలో పోసే ఫినాయిల్ గుర్తుకొస్తుంది. ఆ ఫినాయిల్ వేరు, ఇది వేరు. ఇంటర్‌లో కెమిస్ట్రీ చదివినోళ్లకు బెంజీన్ వలయం గుర్తుండే ఉంటుంది. ఆ వలయానికి ఒక ఓహెచ్ తగిలించి ఉంటే ఆ కుటుంబం అంతటికీ ఫినాల్ అనే ఇంటిపేరు. ఆ ఇంటిపేరుతో విషాలూ ఉన్నాయి, టీ పొడిలో వగరూ ఉంది, వేరుశనగ విత్తనం మీది ఎర్ర పొరలో ఉండేదీ ఉంది.

మొక్క వీటిని మన కోసం తయారు చేసుకోలేదు, తన కోసం చేసుకుంది. జొన్న చేలో నిలబడి చూడండి. ఆకును పురుగు కొరికిన చోట, తెగులు తగిలిన చోట ఎర్రగానో, ఊదాగానో మచ్చ లేస్తుంది. కొన్ని రకాల్లో గోధుమ రంగులో ఉంటుంది. ఆ మచ్చ మనకు చిన్నప్పటి నుంచి తెలుసు. అది ఏందో అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు 1987లో చూపించినారు. బూజు తగిలిన కణంలో మొక్క అప్పటికప్పుడు ఒక రంగు పదార్థాన్ని పుట్టిస్తుంది, దాంతో బూజును అడ్డుకుంటుంది. ఆ రంగు ఫినాలిక్ కుటుంబానిదే. ఎర్రజొన్న, నల్లజొన్న గింజల మీది రంగు కూడా అదే జాతి.

యాంటీ ఆక్సిడెంట్ అంటే ఏందో చెప్పుకోవాలంటే మనింటి నూనె డబ్బా చాలు. మూత తీసిపెట్టిన వేరుశనగ నూనె కొన్నాళ్లకు ముక్క వాసన వస్తుంది. గాలిలోని ఆక్సిజన్ నూనెను పాడుచేస్తుంది. ఇనుము తుప్పు పట్టినట్టే అనుకోండి. ఆ పాడుచేసే పనికి అడ్డుపడేవాటిని యాంటీ ఆక్సిడెంట్లు అంటారు. గింజ లోపల మొలక దగ్గర నూనె ఉంటుంది. దాన్ని, మొలకను కాపాడుకునేదానికి గింజ తన చుట్టూ కట్టుకున్న ప్రహరీగోడ ఆ పైపొర. గోడ బయటుంటుంది గాని నట్టింట్లో ఉండదు గదా. అందుకే ఫినాలిక్ పదార్థాలు తవుడులో ఎక్కువ, లోపలి తెల్ల పిండిలో తక్కువ.

ఊక వేరు, తవుడు వేరు

ఇక్కడ మనోళ్లు చాలామంది పొరపడుతుంటారు. పాలిష్ చేయనిది తినాలంటే పొట్టుతో తినమంటావా అని అడుగుతారు. కాదు.

కొర్రకు రెండు పొరలు. బయటిది ఊక. అది మనిషి తినేది కాదు, తీయాల్సిందే. మన అవ్వలు రోట్లో దంచి చేటలో చెరిగింది దాన్నే. దాని కింద గింజకు అంటుకుని సన్నగా, కొంచెం జిడ్డుగా ఉండేది తవుడు పొర. ఊక తీసి ఈ పొరను ఉంచితే కొర్రబియ్యం కొంచెం మసకగా, ముదురు పసుపుగా ఉంటాయి. మిషన్లో ఇంకో రెండు సుట్లు తిప్పితే పాలిపోయి నున్నగా అవుతాయి. ఆ రెండు సుట్లలో పోయేది మన గుణం. తూకం కూడా తగ్గుతుంది. పోయిన తవుడు దాణాకు పోతుంది. మన ఎద్దులు బాగుండాలనే నేనూ కోరుకుంటా గాని, మంచిదంతా దాణాలో కలిపి పిండి మనం తినడం ఏం తెలివి?

జొన్నకు కొర్ర మాదిరి ఊక లేదు. కంకి కొట్టి తూర్పారబడితే గింజ నేరుగా గిర్నికి పోతుంది. అట్ల ఆడించిన పిండితో చేసిన రొట్టెలో తోలు, మొలక అన్నీ ఉంటాయి. మన తెల్లజొన్నలోనూ ఫెరూలిక్ ఆమ్లం లాంటి ఫినాలిక్ ఆమ్లాలు ఉన్నాయి. తెల్లజొన్న వట్టిది అని నేననను. కాకుంటే ఇప్పుడు జొన్నను కూడా పాలిష్ పట్టి, రవ్వ చేసి, తెల్ల పిండి అని అమ్ముతున్నారు. ఇంట్లో కూడా రొట్టె మెత్తగా రావాలని సన్న జల్లెడ పట్టి పైన నిలిచింది పారబోస్తున్నారు. ఆ జల్లెడ మీద నిలిచేదే తోలు.

రాగి నయం. దాని తోలు గింజకు గట్టిగా అంటుకుని ఉంటుంది, సులభంగా ఊడదు. అందుకే రాగిని పిండిగానే ఆడించుకుంటాం. రాగిలో ఫినాలిక్ పదార్థాలు ఎక్కువ భాగం ఆ ఎర్ర తోలులోనే ఉంటాయి. తెల్ల రాగి రకాల్లో అవి బాగా తక్కువ. రాగి పిండిని కూడా జల్లించి జల్లించి తెల్లగా చేసుకుంటే రాగి తిన్న లెక్క కాదు.

తెలుపు మీద ఈ మోజు ఎక్కడిది?

ఆదోని పత్తి మార్కెట్ చూసినోళ్లం మనం. పత్తిని కుప్ప పోస్తే కొనేవాడు గుప్పెడు తీసి పింజ లాగి చూస్తాడు, రంగు చూస్తాడు. వానకు తడిసి పసుపు తిరిగిన పత్తికి రేటు కోస్తాడు. అది న్యాయమే. పత్తి నూలు కావాలి, నూలుకు రంగు ఎక్కాలి. ఎమ్మిగనూరు మగ్గాల మీద నేసే చీరకు ఏ రంగు కావాలంటే ఆ రంగు పట్టాలంటే అడుగున నూలు తెల్లగా ఉండాలి. పత్తిలో తెలుపే గుణం.

అదే కన్ను ధాన్యం మీద కూడా పెట్టినారు. మనమూ పెట్టుకున్నాం. గింజ మసకగా ఉంటే నాసి, తెల్లగా ఉంటే మేలు అని. గింజను మనం రంగులో ముంచి కట్టుకోము గదప్పా, తింటాం. తినేదాంట్లో రంగు గింజ సొంత సొమ్ము. పత్తికి పసుపు రంగు తెగులు వల్లనో తడి వల్లనో వస్తుంది. గింజకు రంగు పుట్టుకతో వస్తుంది. ఆ రెండింటికీ ఒకే కొలత పెట్టడం తప్పు.

ఒక తేడా మాత్రం ఒప్పుకుంటా. కోతప్పుడు వాన తగిలి బూజుతో నల్లబడిన జొన్నను కూడా రంగు గింజ అని అమ్మేదానికి లేదు. అది చెడిపోయిన గింజ, దాన్ని తీసేయాల్సిందే. నేను అడిగేది పుట్టు రంగు గురించి. ఆ బూజు విషయంలో కూడా చూడండి. ముంగారు జొన్న గింజ గట్టిపడే వేళకు వాన పట్టుకుంటే మెత్తటి తెల్ల గింజకే బూజు ఎక్కువ పడుతుంది. తోలులో ఈ పదార్థాలు ఎక్కువున్న రకాలు బూజును కొంత తట్టుకుంటాయి. టానిన్ ఉన్న జొన్నకు పిట్టల బెడద కూడా తక్కువ. వగరుకు పిట్ట వదిలేసి పక్క చేనికి పోతుంది. తెలుపు కోసం మనం వదిలేసుకున్న దాంట్లో చేను కాపలా కూడా ఉంది.

మన తెలుగు నేల మీద ఎర్రజొన్న ఎక్కువగా ఎక్కడ పండుతోందో తెలుసా? నిజామాబాద్ వైపు, ఆర్మూరు చుట్టుపక్కల. మనిషి తినేదానికి కాదు. ఉత్తరాది రాష్ట్రాల్లో పశువుల మేతకు విత్తనంగా పోతుంది. అమెరికాలో టెక్సాస్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లేమో నల్లజొన్న, టానిన్ జొన్న తవుడు మీద ఏళ్ల తరబడి పరిశోధన చేస్తూ, దాన్ని రొట్టెల్లో, చిరుతిండ్లలో ఎట్ల కలపాలా అని చూస్తున్నారు.

ఇది కొత్త గొడవ కాదు

పాలిష్ వల్ల జబ్బు రావడం మన దేశానికి కొత్త కాదు. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది గదా. అది పుట్టింది 1918లో, తమిళనాడు కూనూరులో, ఒకే ఒక్క గదిలో. అప్పుడు దాని పేరే బెరిబెరి విచారణ విభాగం. బెరిబెరి అంటే కాళ్లు పడిపోయి, గుండె దెబ్బతినే జబ్బు. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యమే తిండిగా బతికినోళ్లకు వచ్చేది. తవుడుతో పాటు బి1 విటమిన్ పోవడమే కారణం. అంతకు ముందే జావాలో ఐక్‌మన్ అనే డాక్టరు, పాలిష్ బియ్యం తిన్న కోళ్లకు కాళ్లు పడిపోవడం, తవుడు పెడితే లేచి తిరగడం చూసినాడు. ఆ దోవలో జరిగిన పనికి 1929లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ సంస్థ 1958లో హైదరాబాద్‌కు మారింది.

అంటే మన జాతీయ పోషకాహార సంస్థ మొదలైందే పాలిష్ మిల్లు చేసిన చెరుపు నుంచి. వందేళ్లు దాటినాక కూడా మనం అదే మిల్లు ముందర నిలబడి "ఇంకొంచెం తెల్లగా పట్టప్పా" అంటున్నాం.

1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చింది. ఆ పథకాన్ని నేను తిట్టను. ఆకలి తీర్చింది. కరువు సీమలో అది చిన్న మాట కాదు. కానీ దాంతో పాటు ఒక ఆలోచన కూడా వచ్చింది. తెల్లన్నం తినేవాడు ఉన్నోడు, రొట్టె, సంగటి తినేవాడు లేనోడు అని. అల్లుడొస్తే తెల్లన్నం, మనకు కొర్రన్నం. ఇప్పుడు ఆ అల్లుడే పట్నంలో కొర్రల ప్యాకెట్ కొని తింటున్నాడు. మనం రేషన్ బియ్యం తింటున్నాం.

రేషన్ బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపిన గింజలు ఇచ్చినారు. కొందరు అది ప్లాస్టిక్ బియ్యం అని ఏరి పారేసినారు. అది ప్లాస్టిక్ కాదు. కానీ పని చూడండి ఎట్లుందో. ముందు మిల్లులో తోలు తీసినారు, తర్వాత ఇంకో మిల్లులో మూడు మందులు కలిపినారు. తోలుతో పోయిన పీచు, ఫినాలిక్ పదార్థాలు మాత్రం తిరిగి రావు.

ఇప్పుడు రెండో మోసం

ఇంతవరకు చదివి, సరే అయితే కొర్రలు తింటే షుగర్ మాయమవుతుంది అని ఎవరైనా అనుకుంటే నేను రాసింది వ్యర్థం.

ఫోన్ తెరిస్తే చాలు. ఈ గింజ తింటే క్యాన్సర్ పోతుంది, ఆ గింజ ఆరు వారాలు తింటే షుగర్ మాత్రలు పారేయొచ్చు అని చెప్పేవాళ్లు తయారైనారు. వాళ్లు చూపించే లెక్క ఏందంటే, గింజ పొడిని గాజు గొట్టంలో ద్రావణంతో కలిపి కొలిచిన యాంటీ ఆక్సిడెంట్ అంకె. ఆ అంకె నిజమే. కానీ గాజు గొట్టం కడుపు కాదు. అమెరికా వ్యవసాయ శాఖ ఇట్లాంటి అంకెలతో పెద్ద పట్టిక ఒకటి పెట్టి, 2012లో తానే తీసేసింది. ఆ అంకెలకు మనిషి ఒంట్లో జరిగేదానికి సంబంధం లేదని, కంపెనీలు వాటిని ప్రచారానికి వాడుకుంటున్నాయని చెప్పి మరీ తీసేసింది.

ఫిన్లాండ్‌లో ఇంకో సంగతి జరిగింది. బీటా కెరోటిన్ అనేది క్యారెట్‌లో ఉండే యాంటీ ఆక్సిడెంట్. అది మాత్రగా ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందేమోనని, పొగతాగే మగవాళ్లు 29 వేల మందికి పైగా తీసుకుని ఏళ్ల తరబడి చూసినారు. 1994లో ఫలితం వచ్చింది. మాత్ర మింగినోళ్లలో క్యాన్సర్ తగ్గలేదు, 18 శాతం ఎక్కువైంది. మంచి పదార్థమైనా గింజ నుంచి, కాయ నుంచి పీకి మాత్ర చేస్తే అదే మంచి చేస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

మరి గింజ తోలుతో మేలు లేదా? ఉంది. ముడి ధాన్యం ఎక్కువ తినేవాళ్లలో గుండె జబ్బు, షుగర్ వచ్చే అవకాశం తక్కువని పెద్ద పెద్ద పరిశీలనల్లో మళ్లీ మళ్లీ తేలింది. అయితే ఆ మేలు ఒక్క ఫినాలిక్ పదార్థాలదే అని విడదీసి చెప్పేదానికి లేదు. పీచు, ఖనిజాలు, విటమిన్లు, ఇవి అన్నీ ఒకే పొరలో కలిసి ఉన్నాయి. ఇంకా చెప్పాలంటే ఫెరూలిక్ ఆమ్లం చాలా భాగం పీచుకు అతుక్కుని పెద్దపేగు దాకా పోతుంది. అక్కడుండే సూక్ష్మజీవులు దాన్ని విడిపిస్తాయి. పీచును తీసేసి ఫినాల్‌ను ఉంచుతామంటే కుదరదు. అందుకే నా వాదం, పొరను పొరగా ఉంచండి అని.

షుగర్ ఉన్నోళ్లకు చేతులు జోడించి చెబుతున్నా. జొన్న రొట్టెలో కూడా ఎక్కువ భాగం పిండి పదార్థమే. తెల్లన్నం కన్నా నిదానంగా అరుగుతుంది, నిజమే. కానీ లెక్క లేకుండా తింటే షుగర్ పెరుగుతుంది. ఎవరో వీడియోలో చెప్పినాడని మాత్ర ఆపొద్దు. మాత్ర తగ్గించాల్నా వద్దా అనేది రక్తపరీక్ష చూసి డాక్టరు చెప్పాలి. షుగర్‌నూ క్యాన్సర్‌నూ నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని 1954లోనే చట్టం చేసి నిషేధించినారు. తిండి సరుకు రోగం కుదుర్చుతుందని ప్రచారం చేయకూడదని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2018 నిబంధనల్లో కూడా ఉంది. చట్టం ఉంది గాని ఫోన్‌లో దానికి ఎవరూ భయపడటం లేదు. ఇట్లా అబద్ధాలతో అమ్మితే రేపు జనం నమ్మకం పోతుంది. అప్పుడు దెబ్బ తినేది వీడియో చేసినోడు కాదు, కొర్ర వేసినోడు.

వగరుకు వెల కూడా ఉంది

ఇంకో నిజం దాచకూడదు. ఈ పదార్థాలకు చెడ్డ గుణం కూడా ఉంది. టానిన్లు మాంసకృత్తులను పట్టుకుంటాయి, ఇనుమును ఒంటికి పట్టనీయవు. మన రాష్ట్రంలో ఆడవాళ్లలో సగం మందికి పైగా రక్తం తక్కువ. వాళ్లకు ఇది చిన్న సంగతి కాదు. సూడాన్‌లో సజ్జే ప్రధాన తిండిగా ఉన్నచోట గొంతువాపు ఎక్కువగా కనిపిస్తే, అయోడిన్ కొరతతో పాటు సజ్జలోని ఒక రకం ఫినాలిక్ పదార్థానికి కూడా పాత్ర ఉండొచ్చని 1980ల్లో పరిశోధకులు చెప్పినారు. మనం అయోడిన్ ఉప్పు వాడుతూ, సజ్జను మిగతా ధాన్యాలతో మార్చి మార్చి తింటే భయం అక్కర్లేదు. కానీ ఒకే గింజను మూడు పూటలా తినమని చెప్పేవాడి మాట వినొద్దు.

దీనికి విరుగుడు మన పెద్దోళ్ల వంటింట్లోనే ఉంది. పిండిని నానబెట్టి పులియబెట్టి అంబలి కాస్తే, రాగిని మొలకెత్తించి ఆడిస్తే, ఇనుమును అడ్డుకునేవి తగ్గుతాయి. రొట్టెలోకి పుంటికూర పప్పు, నిమ్మకాయ పిండిన కూర ఉంటే ఆ పులుపు ఇనుము పట్టేదానికి సాయం చేస్తుంది. తిన్న వెంటనే టీ మాత్రం తాగొద్దు. టీలో వగరు కూడా ఫినాలిక్ కుటుంబమే, అదీ ఇనుమును పట్టుకుంటుంది. గంటసేపు ఆగి తాగండి.

"చెప్పేది బాగుంది, కొనేవాడెవడు?"

ఈ మాట ఎట్లా వస్తుందని నాకు తెలుసు. మూడు అభ్యంతరాలు ఎప్పుడూ వినేవే.

ఒకటి, పాలిష్ చేయకుంటే నిల్వ ఉండదు అంటారు. సగం నిజం. తవుడు పొరలో, మొలకలో నూనె ఉంది కాబట్టి ఊక తీసిన కొర్రబియ్యం పాలిష్ చేసినవాటి కన్నా తొందరగా ముక్కిపోతాయి. కానీ ఊకతో ఉన్న కొర్ర ఏళ్లు నిలుస్తుంది. ఊకతోనే నిల్వ పెట్టి, నెలకు సరిపడా ఆడించుకుంటే సరిపోతుంది. పట్నం కంపెనీకి ఆర్నెల్లు అంగట్లో పెట్టేదానికి పాలిష్ కావాలి. ఆ అవసరం వాడిది. మన ఇంటికి ఆ అవసరం లేదు.

రెండు, పిల్లోళ్లు తినరు అంటారు. గింజను ముందు రాత్రి నానబెట్టి వండితే మెత్తగా అవుతుంది. మొదట్లో సగం బియ్యంలో కలిపి వండండి. అలవాటు పడతారు.

మూడు, మండీలో ధర రాదు. ఇది నిజమైన అభ్యంతరం. దీనికి ఇంట్లో జవాబు లేదు, అందరం కలిసి అడగాలి. కేంద్రం 2024-25కు హైబ్రిడ్ జొన్నకు క్వింటాల్ 3,371 రూపాయలు, మాల్దండి జొన్నకు 3,421 రూపాయలు మద్దతు ధర పెట్టింది. 50 రూపాయల తేడా ఎందుకు? రొట్టెకు మాల్దండి మేలని తినేవాళ్లు అనుకుంటారు కాబట్టి. అంటే రకాన్ని బట్టి, గుణాన్ని బట్టి ధర తేడా పెట్టడం సర్కారుకు చేతనైన పనే. అట్లాంటప్పుడు పుట్టు రంగు ఉన్న గింజకు కోత పెట్టకుండా చూడటం ఎందుకు చేతకాదు? ఇక కొర్ర ఆ కేంద్ర జాబితాలోనే లేదు. జొన్న, సజ్జ, రాగి ఉన్నాయి, కొర్ర లేదు. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరం చేసింది మన దేశం అడిగినందుకే. శ్రీ అన్న అని పేరు కూడా పెట్టినారు. పేరుకు ముందు శ్రీ తగిలిస్తే రైతు కడుపు నిండదు, ధర కట్టాలి.

అడగాల్సినవి

నావి నాలుగు కోరికలు. ఒప్పుకుంటే మీ ఊళ్లోనూ ఈ మాట పెట్టండి.

1. చిరుధాన్యాల ప్యాకెట్ మీద పాలిష్ పట్టినదా, పట్టనిదా అని తెలుగులో పెద్ద అక్షరాల్లో ఉండాలి. పాలిష్ పట్టిన ప్యాకెట్ మీద యాంటీ ఆక్సిడెంట్ అనే మాట అచ్చేయాలంటే, ఆ ప్యాకెట్‌లో ఉన్న గింజనే పరీక్ష చేసి అంకె చూపించాలి. మా చేలో ఉన్న గింజ అంకె చూపించి మిల్లు దాటిన గింజను అమ్మకూడదు.

2. కొర్రకు కేంద్ర మద్దతు ధర కావాలి. కొనుగోలులో తేమ, మట్టి, రాళ్లు, పురుగు, బూజు చూడండి, కాదనం. పుట్టు రంగుకు మాత్రం కోత పెట్టొద్దు.

3. నంద్యాల పరిశోధన కేంద్రం నుంచి సూర్యనంది లాంటి మంచి కొర్ర రకాలు వచ్చినాయి, మేలు జరిగింది. ఇక మీదట కొత్త రకం విడుదల చేసేటప్పుడు దిగుబడి, పంటకాలంతో పాటు గింజలో ఫినాలిక్ పదార్థాలెంత, టానిన్ ఎంత, ఇనుమెంత అని కూడా రైతుకు చెప్పాలి. ఎర్రగా ఉన్న ప్రతి జొన్నలోనూ టానిన్ ఉండదు. బ్లీచ్ ద్రావణంలో నానబెట్టి చూసే చవక పరీక్ష ఉంది. టానిన్ పొర ఉన్న గింజ నల్లగా తేలుతుంది. బనవాసి కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లు మన రైతులకు ఇది చేసి చూపించాలి. పరీక్ష చేసిన గింజను తర్వాత పారేయాలి, కోళ్లకు కూడా వేయొద్దు.

4. ఊక మాత్రమే తీసి తవుడు ఉంచే చిన్న మిషన్ నాలుగైదు ఊళ్లకు ఒకటి కావాలి. మహిళా సంఘాలకు ఇస్తే ఇంకా మంచిది. గింజ ఊళ్లోనే ఆడితే ఊక మన దిబ్బలోకి, బియ్యం మన ఇంట్లోకి, మిగిలింది మన ధరకు పట్నానికి పోతుంది.

సర్కారు కదిలేలోపు మన చేతిలో ఉన్నవి కూడా ఉన్నాయి. ఈసారి కందిలో కొర్ర అంతర పంటగా వేసేవాళ్లు ఇంటికి రెండు మూటలు ఊకతో దాచుకోండి. జొన్న పిండిని సన్న జల్లెడ పట్టకండి. మీ దగ్గర పాత రంగు జొన్న విత్తనం పిడికెడు మిగిలున్నా ఒక గట్టున వేసి కాపాడండి, పోతే మళ్లీ రాదు. గిర్ని దగ్గర "తెల్లగా పట్టు" అని చెప్పే అలవాటు మానుకోండి.

పత్తిని తెలుపు చూసి అమ్ముకుందాం. గింజను మాత్రం గుణం చూసి తిందాం, గుణం చూపించే ధర అడుగుదాం. ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు, కోసిగి, మంత్రాలయం వైపు రైతులు ఎవరైనా పాలిష్ లేకుండా ఆడించే మిషన్ నడుపుతుంటే వివరం రాయండి, దగ్గరి ఊళ్ల వాళ్లకు పనికొస్తుంది.